ఇత్తడి చెంబు, రెండు వంకాయలు, ఒక నిమ్మకాయ: ఆయిల్ పెయింటింగ్ పొరల వెనక లెక్క

డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హోయ్‌సుమ్ 1742లో ఒక ఉత్తరం రాశాడు. బొమ్మ కోసం కాచుకుని కూర్చున్న ఒక జర్మన్ ప్రభువు తరఫు మనిషికి ఇచ్చుకున్న సంజాయిషీ అది. పసుపు గులాబీ దొరకలేదు, అందుకే పూల బొమ్మ పూర్తి కాలేదు, ఇదీ అందులోని సంగతి. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. పూల బొమ్మలు వెయ్యడంలో యూరప్ అంతా పేరున్న మనిషి. పసుపు గులాబీ ఎలా ఉంటుందో ఆయనకు తెలియక కాదు. పువ్వు కళ్లెదుట లేకుండా కుంచె పట్టనని పట్టుదల. ఆయన వేసిన మరో పూలకుండీ బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని మీద సంతకం దగ్గర రెండు సంవత్సరాలు కనిపిస్తాయి: 1736, 1737. వేర్వేరు రుతువుల్లో పూసే పూలు ఆ ఒక్క కుండీలో పక్కపక్కన ఉంటాయి. అంటే అచ్చం ఆ గుత్తి ఏ రోజునా ఏ బల్ల మీదా లేదు.

స్టిల్ లైఫ్ తేలికని చాలామంది అనుకుంటారు. బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టుకుని, చూసి వెయ్యడమే కదా, మనిషిలా అవి కదలవు కదా అని. కదలకపోవడం పైపై సంగతే. వెలుతురు గంటల్లో మారిపోతుంది. పండు, పువ్వు రోజుల్లో వాడిపోతాయి. రంగు మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడితేగానీ ఆరదు. ఈ మూడింటికీ పొత్తు కుదరదు. ఆర్ట్ పుస్తకాల్లో నియమాల్లా కనిపించే చాలా మాటలు, ముందు నలుపు తెలుపుల్లో వేసుకోమనడం, పల్చటి పొర మీదే చిక్కటి పొర వెయ్యమనడం, ఏడాదిదాకా వార్నిష్ పూయొద్దనడం, ఈ పేచీని సర్దుకోవడానికి పుట్టినవే. కారణం తెలిస్తే ఏ నియమాన్ని ఎక్కడ పాటించాలో, ఎక్కడ వదిలెయ్యొచ్చో మనకే తెలుస్తుంది. అందుకని ఒక మామూలు బొమ్మ తీసుకుని మొదటినుంచీ చూద్దాం. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు, రెండు నల్ల వంకాయలు, సగానికి కోసిన నిమ్మకాయ, కింద తెల్లటి నేత తువ్వాలు.

ముందు నూనె సంగతి

ఆయిల్ రంగు అంటే మెత్తగా నూరిన రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే నూనె, అంతే. ఎక్కువగా వాడేది అవిసె గింజల నూనె, షాపుల్లో లిన్‌సీడ్ ఆయిల్ పేరుతో దొరుకుతుంది. ఇది నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, తనలోని కొవ్వు ఆమ్లాల గొలుసుల్ని ఒకదానికొకటి ముడేసుకుంటూ గట్టి పొరగా మారుతుంది. ఆరే తొలి రోజుల్లో దాని బరువు తగ్గదు, కాస్త పెరుగుతుంది. ఈ ముడులు పడాలంటే గొలుసుల్లో ద్విబంధాలు, అంటే కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధాలు, ఉండాలి. అవిసె నూనెలో అవి పుష్కలం. కొబ్బరి నూనెలో దాదాపు ఉండవు కాబట్టి దాంతో రంగు కలిపితే ఏళ్లు గడిచినా తడిగానే ఉంటుంది. సన్‌ఫ్లవర్ నూనె మధ్యస్థం. స్టవ్ వెనక గోడకు పట్టి, ఎంత రుద్దినా వదలని ఆ పసుపుపచ్చ జిడ్డు ఇదే రసాయనం చేసిన పని. మన మెట్టపొలాల్లో పండే కుసుమల నూనెకూ రంగుల పరిశ్రమలో చోటుంది. అవిసె నూనెకన్నా తక్కువ పసుపెక్కుతుంది కాబట్టి తెల్లరంగు ట్యూబుల్లో చాలా కంపెనీలు దాన్నే వాడతాయి. కాకపోతే అది ఇంకా నిదానంగా ఆరుతుంది.

నూనెలో రంగు కలిపే విద్యకు 15వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ ఆద్యుడని చాలాకాలం చెప్పుకున్నారు. ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియన్ గుహల్లో, 7వ శతాబ్దపు బౌద్ధ చిత్రాల్లో ఆరే నూనెల ఆనవాళ్లు ఉన్నాయని 2008లో పరిశోధకులు తేల్చాక ఆ మాట నిలబడలేదు. యూరప్‌లోనే 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి రాసిన పనిపుస్తకంలో అవిసె నూనెతో రంగు నూరడం గురించి ఉంది. ఒక పొర ఆరితేగానీ ఇంకోటి వెయ్యలేమని, మనుషుల బొమ్మలకు ఇది విసుగుపుట్టించే వ్యవహారమని ఆయన అప్పుడే చిరాకు పడ్డాడు. వాన్ ఐక్ తరం వాళ్ల గొప్పతనం నూనెను కనిపెట్టడంలో లేదు. ఆ విసుగును ఓర్చుకుని, ఆరిన పొర మీద పారదర్శకమైన పొర వేస్తే వెలుగు లోపలినుంచి వచ్చినట్టు ఉంటుందని చూపించడంలో ఉంది.

ఇక్కడే ఇంకో చిక్కు. అన్ని రంగులూ ఒకేలా ఆరవు. రంగు పొడిలోని లోహం నూనెను తొందరపెడుతుంది, లేదా ఊరుకుంటుంది. అంబర్ అనే గోధుమ మట్టిరంగుల్లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి పల్చగా పూస్తే ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటదు. ఐవరీ బ్లాక్ అనే నలుపు, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు, కాడ్మియం రంగులు వారం దాటినా జిగురుగానే ఉంటాయి. పాత చిత్రకారులు అడుగు పొరల్లో అంబర్‌ను, సీసపు తెలుపును ఎందుకంత ఇష్టంగా వాడారో దీన్నిబట్టి అర్థమవుతుంది. రెండూ త్వరగా ఆరేవే. సీసం విషం కాబట్టి ఇప్పుడు మనం వాడేది టైటానియం వైట్. అది 20వ శతాబ్దంలో వచ్చింది, సీసపు తెలుపు కన్నా నెమ్మదిగా ఆరుతుంది. పాత పద్ధతిని కొత్త రంగులతో పాటించేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

వెలుతురు: పుస్తకంలో ఉత్తరపు కిటికీ, మన ఇంట్లో ఉత్తరపు కిటికీ

ఏ యూరోపియన్ పుస్తకం తెరిచినా ఉత్తరం వైపు కిటికీ దగ్గర బొమ్మ పెట్టుకోమంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ 52 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ సూర్యుడు పగటిపూట చాలావరకు దక్షిణం వైపే తిరుగుతాడు కాబట్టి పనివేళల్లో ఉత్తరపు కిటికీలో ఎండ పడదు, ఆకాశపు వెలుగు మాత్రమే నిలకడగా వస్తుంది. మనకు ఈ సలహా ఏడాది పొడవునా పనికిరాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే వాలి ఉంటాడు. పొద్దునా సాయంత్రం అయితే ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలు ఎండ నేరుగా గదిలోకి వస్తుంది. పుస్తకాన్ని నమ్ముకుని జూన్‌లో బల్ల సర్దుకున్నవాళ్లకు తొమ్మిదింటికి ఒక నీడ, పదకొండింటికి ఇంకో నీడ కనిపించి బుర్ర వేడెక్కుతుంది. ఆ నెలల్లో కిటికీ అద్దానికి ట్రేసింగ్ పేపర్ అంటించడం, లేదా పల్చటి తెల్లగుడ్డ కట్టడం మంచిది. అదీ కుదరకపోతే కిటికీ మూసేసి, డబ్బా మీద 5000 కెల్విన్ (పగటి తెలుపుకు దగ్గరి వెలుగని అర్థం) అని రాసి ఉన్న ఒక్క ఎల్‌ఈడీ బల్బు పక్కనుంచి వేసుకుంటే పని టెన్షన్ లేకుండా సాగుతుంది. రెండో లైటు మాత్రం ఉండకూడదు. పైన ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే చెంబుకు రెండు నీడలు పడతాయి, దాని గుండ్రతనం సగం పోతుంది.

సర్దడానికి తీసుకునే సమయం దండగ కాదు. ఒక ఎత్తైన వస్తువు, దాని పక్కన పొట్టివి, ఒకదాని వెనక ఒకటి కొంచెం దాక్కునేలా. వంకాయ చివర చెంబు అంచును ఊరికే తాకేలా పెడితే రెండూ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అయితే బాగా ఎడం ఉండాలి, కాదంటే బాగా కప్పెయ్యాలి. ఈ పనిలో ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌ను మించిన పట్టుదల ఎవరిదీ కాదేమో. ఆయన పళ్లు సర్దుతుంటే చూసిన లూయీ లె బై అనే చిత్రకారుడు ఆ సంగతి రాసిపెట్టాడు. పండు తనకు కావలసిన కోణంలో వాలడానికి సెజాన్ దాని కింద నాణేలు పెట్టేవాడట. అంత నిదానం మనిషి కాబట్టే పూల దగ్గరికి వచ్చేసరికి కాగితం పూలకు దిగాడు. ఇటలీలోని బొలోన్యాలో జార్జో మొరాండీ అనే చిత్రకారుడు అయితే వాడిపోయే వస్తువుల జోలికే పెద్దగా పోలేదు. సీసాలు, డబ్బాలు, కూజాలు, అవే మళ్లీ మళ్లీ. కొన్ని సీసాలకు మెరుపు రాకుండా రంగు పూసేవాడు, బల్ల మీద పరిచిన కాగితం మీద వాటి చోట్లు పెన్సిల్‌తో గీసుకునేవాడు. ఆ గీత మనకూ అవసరమే. చెంబు అడుగు చుట్టూ సుద్దముక్కతో గీసుకోండి, నేల మీద మీ స్టాండు కాళ్ల దగ్గర, మీ పాదాల దగ్గర టేపు అంటించండి. మర్నాడు రెండంగుళాలు పక్కకు నిలబడితే బొమ్మలో అన్నీ తప్పులే కనిపిస్తాయి, లేని తప్పులు దిద్దుతూ కూర్చుంటారు.

ఫోటో తీసుకుని చూసి వేస్తే ఈ బాధలేవీ ఉండవు కదా అంటారు. ఉండవు. అయితే ఫోన్ కెమెరా వంకాయ నీడవైపును ఒట్టి నలుపు చేసేస్తుంది, చెంబు మెరుపును ఒట్టి తెలుపు చేసేస్తుంది. కళ్లకు ఆ రెండు చోట్లా బోలెడు రంగులు కనిపిస్తాయి. వస్తువులు ఎక్కడున్నాయో గుర్తుకోసం ఫోటో ఉంచుకోవచ్చు, రంగు కోసం మాత్రం బల్ల వైపే చూడాలి.

కాన్వాస్, గీత, మొదటి పొర

వట్టి గుడ్డ మీద నేరుగా నూనెరంగు వేస్తే నూనె ఆరే క్రమంలో పుట్టే ఆమ్లాలు నూలును తినేస్తాయి, కొన్నేళ్లకు గుడ్డ పెళుసెక్కుతుంది. అందుకే గుడ్డకూ రంగుకూ మధ్య అడ్డుపొర ఉండాలి. పాతకాలంలో చర్మపు జిగురు పూసి, దాని మీద సుద్దనో సీసపు తెలుపునో పట్టించేవాళ్లు. ఇప్పుడు షాపులో కొనే కాన్వాస్ మీద ఆక్రిలిక్ జెస్సో అనే తెల్లటి అడుగుపూత పూసే ఉంటుంది. చౌకరకం మీద ఆ పూత పల్చన, రంగులోని నూనెను పీల్చేస్తుంది, బొమ్మ వెలిసినట్టు కనిపిస్తుంది. ఇంకో పూత వేసి, ఆరాక ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దుకుంటే సరి. ఆ తెల్లదనాన్ని అలాగే ఉంచకుండా కాస్త అంబర్‌ను టర్పెంటైన్‌లో (నూనెరంగును పల్చబరిచే ద్రావకం) పల్చగా కలిపి పూసి, పాతగుడ్డతో తుడిచేస్తారు. తెల్లటి నేపథ్యం మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే అనిపిస్తుంది. మట్టిరంగు మీద పెడితే అది ముదురో లేతో కళ్లకు సరిగ్గా తెలుస్తుంది.

గీతలో అందరూ తడబడేది చెంబు దగ్గరే. మూతి, మెడ, అడుగు మూడూ వృత్తాలే, కానీ పక్కనుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి. కంటి మట్టానికి దగ్గరగా ఉన్న మూతి సన్నగా కనిపిస్తుంది. కిందికి దిగేకొద్దీ ఆ వంపు విచ్చుకుంటుంది కాబట్టి అడుగు భాగం మూతికన్నా ఎక్కువ గుండ్రంగా రావాలి. చెంబు బల్ల మీద ఉంది, బల్ల సమంగా ఉంది, కాబట్టి అడుగు గీత తిన్నగా ఉండాలని బుద్ధి చెబుతుంది. బుద్ధి మాట వింటే చెంబు గాల్లో తేలుతుంది. ఇంకో సంగతి, మూతి వంపుకు రెండు చివరలా మొనలు ఉండవు. ఎంత సన్నగా కనిపించినా అక్కడ చిన్న మలుపే ఉంటుంది.

గీత కుదిరాక రంగుల జోలికి పోకుండా ఒక్క బర్న్‌ట్ అంబర్‌తో, అంటే కాల్చిన అంబర్‌తో, వెలుగునీడలు మాత్రమే వేసుకుంటారు. నీడలున్న చోట రంగు ఉంచుతారు, వెలుగున్న చోట గుడ్డతో తుడిచేస్తారు. ఇదెందుకు, నేరుగా పసుపూ ఊదా పెట్టేస్తే పోదా అని అడగొచ్చు. ఒకేసారి రెండు నిర్ణయాలు తీసుకోవడం కష్టం కాబట్టి. ఈ రంగు ఏమిటన్నది ఒకటి, ఎంత ముదురన్నది ఇంకోటి. రంగు కళ్లను మోసం చేస్తుంది. మన బల్ల మీద తువ్వాలు తెలుపు, నిమ్మకాయ పసుపు. ఏది లేత అంటే ఎవరైనా తువ్వాలే అంటారు. కళ్లు సగం మూసుకుని చూడండి. చెంబు నీడ పడ్డ చోట తువ్వాలు, వెలుగు పడ్డ నిమ్మకాయ కన్నా ఎంతో ముదురుగా ఉంటుంది. ఈ సంగతి పట్టుబడని బొమ్మలో నీడ ఉన్నా వస్తువు బల్ల మీద కూర్చోదు.

17వ శతాబ్దంలో హార్లెమ్ నగరంలో పీటర్ క్లాస్, విల్లెమ్ క్లాస్ హేడా అనే డచ్ చిత్రకారులు ఈ ముదురు లేతల లెక్క మీదే ఒక శైలిని నిలబెట్టారు. డ్రెస్డెన్‌లో ఉన్న హేడా 1631 నాటి బొమ్మలో కొరికి వదిలేసిన బ్లాక్‌బెర్రీ పై (పిండి మధ్య పండ్లు పెట్టి కాల్చే వంటకం), ఒరిగిన వెండిగిన్నె, గాజుగ్లాసు ఉంటాయి. దాదాపు మొత్తం బూడిద, గోధుమ, ఆకుపచ్చ ఛాయల్లోనే నడుస్తుంది. రంగులు తక్కువైనా వెండి వెండిలా, గాజు గాజులా ఉంటుంది. ఏ పదార్థమో చెప్పేది వెలుగునీడల తీరే, రంగు తర్వాతి మాట. నన్నడిగితే మొదటి రెండు మూడు బొమ్మలు ఒక్క అంబర్‌తో వేసి అక్కడే ఆపెయ్యడం మేలు. ట్యూబులు డజను కొనేశాం కదా అని రంగుల్లోకి దూకితే డబ్బుకు డబ్బు, ఓపికకు ఓపిక.

ఏది ముందు వాడిపోతే అది ముందు

అంబర్ పొర ఆరాక రంగులు మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది బల్లే చెబుతుంది. అందరికన్నా ముందు పాడయ్యేది కోసిన నిమ్మకాయ. లోపలి తొనల తడి మెరుపు గంటా రెండు గంటల్లో పోతుంది. కాబట్టి ఆ రోజు పని అదొక్కటే అనుకోవాలి. పక్కన ఇంకో రెండు కాయలు ఉంచుకుని, మొదటిది ఎండగానే అదే కోణంలో రెండోది కోసి పెట్టుకోవచ్చు. తొనల గీతలు కాయకూ కాయకూ మారతాయి, వాటిని మొదటి కాయలోనే ఖాయం చేసుకుని రెండోదాన్ని తడి కోసం మాత్రమే చూడాలి. క్లాస్, హేడా బొమ్మల్లో తొక్క సుడులుగా వేలాడే నిమ్మకాయ పదేపదే కనిపిస్తుంది. హేడా బొమ్మల్లో అవే గిన్నెలు, గ్లాసులు కూడా ఒక బొమ్మనుంచి ఇంకో బొమ్మకు నడిచొస్తుంటాయి. పాత్రలు స్టూడియో ఆస్తి, కాయ మాత్రం ఏపూటకాపూట తాజా.

నిమ్మకాయ నీడకు పసుపులో నలుపు కలపడం చాలామంది చేసే పని. పసుపు, నలుపు కలిస్తే వచ్చేది ఆకుపచ్చ. కాయ బూజు పట్టినట్టు ఉంటుంది. పసుపుకు ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగు, దానికి కాస్త అంబర్, మరీ అవసరమైతే చిటికెడు ఊదా, ఈ దారిలో నీడలోకి దిగితే కాయ కాయలాగే ఉంటుంది.

తర్వాత వంకాయల తొడిమలు. కాయ నాలుగైదు రోజులు నిలుస్తుంది, తొడిమ మాత్రం రెండోరోజుకే ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ ఆకుపచ్చను ముందే వేసేసుకుని కాయ ఒంటి సంగతి తర్వాత చూడొచ్చు. కాయకు నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరీన్ నీలం, క్రిమ్సన్, బర్న్‌ట్ అంబర్ కలిస్తే నలుపుకన్నా లోతైన ముదురు వస్తుంది. దాన్ని వెచ్చగానూ చల్లగానూ తిప్పుకోవచ్చు. తువ్వాలుకు ఆనుకుని ఉన్న కింది అంచు దగ్గర కాయ మధ్యభాగం కన్నా లేతగా ఉంటుంది, తెల్లగుడ్డ మీద పడ్డ వెలుగు తిరిగి కాయ మీద పడుతుంది కాబట్టి. ఆ సన్నటి వెలుగుగీత వేస్తేనే కాయ అటువైపుకు కూడా గుండ్రంగా తిరుగుతుంది. కాయ, గుడ్డ తగిలే చోట మాత్రం సన్నగా, బొమ్మ మొత్తంలోకీ ముదురుగా ఒక గీత ఉంటుంది. అక్కడినుంచి దూరం జరిగేకొద్దీ నీడ అంచు మెత్తబడుతుంది.

చెంబును చివరికి వదిలెయ్యొచ్చు, ఎటూ పోదు. అయితే ఒక్క హెచ్చరిక. చింతపండుతో తోమిన మెరుపు కొన్నాళ్లకే తగ్గిపోతుంది, చిలుము ఛాయ వస్తుంది. మధ్యలో మళ్లీ తోమితే నిన్నటి చెంబు వేరు, ఇవాల్టి చెంబు వేరు. అందుకే తోమిన వారానికి, మెరుపు కాస్త సద్దుమణిగాక మొదలుపెడితే బొమ్మ పూర్తయ్యేదాకా ఒకే తీరున ఉంటుంది. అలాంటి చెంబు వెయ్యడానికి కూడా హాయిగా ఉంటుంది.

ఇత్తడికి బంగారు రంగు ట్యూబు కొనేవాళ్లున్నారు. దయచేసి వద్దు. చెంబుకు సొంతరంగు ఉండేది కొద్దిచోట్లే. దగ్గరికెళ్లి చూడండి. పొట్టభాగం మీద ఎడమవైపు కిటికీ కనిపిస్తుంది, వంపు తిరిగి, నిలువుగా సాగి. దాని కింద తువ్వాలు ఒక లేత పట్టీలా అడ్డంగా పరుచుకుని ఉంటుంది. వంకాయ ఉన్న వైపు ఒక ముదురు మచ్చ, అది ఊదా కాదు, చాక్లెట్ రంగు. నిమ్మకాయ ప్రతిబింబం అసలు కాయ కన్నా ముదురు పసుపు. కుడి అంచుకు వెళ్లేసరికి గది గోడ, చీకటి, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు. ఇంకా జాగ్రత్తగా చూస్తే మధ్యలో సన్నగా, కుంచె పట్టుకున్న మీరు. న్యూరెంబర్గ్‌లో ఉన్న పీటర్ క్లాస్ బొమ్మలో ఒక గాజుగోళం ఉంటుంది, దాని మీద స్టాండు ముందు కూర్చున్న చిత్రకారుడి ప్రతిబింబం ఉంది. సరదాకి వేసింది కాకపోవచ్చు. అక్కడ కనిపించింది అదే మరి.

చెంబు మీద మెరిసే చుక్క, వంకాయ మీద మెరిసే చుక్క ఒకటి కావు. వంకాయ తొక్క మీద వెలుగు పైపైనే తిరిగి వచ్చేస్తుంది, కాబట్టి ఆ చుక్కకు కిటికీ రంగే ఉంటుంది, నీలం ఛాయ ఉన్న తెలుపు. లోహం అలా వదలదు, తన మీద పడ్డ వెలుగుకు తన రంగు పులుముతుంది. నిమ్మకాయ చెంబులో ముదరడానికీ, వంకాయ చాక్లెట్ రంగుకు తిరగడానికీ ఇదే కారణం. ఇత్తడి మీద అతి మెరుపైన చుక్కను కూడా తెలుపులో పిసరంత పసుపు కలిపే పెట్టాలి. ఒక్క సూదిమొన అంత చోట, వెలుగు మరీ ఎక్కువైన చోట మాత్రం దాదాపు తెలుపు. ఈ తేడా పాటిస్తే ఎల్లో ఓకర్, అంబర్, కొంచెం ఆకుపచ్చతోనే ఇత్తడి వచ్చేస్తుంది. చుక్క చుట్టూ రంగు వెంటనే ముదరాలి. లోహంలో వెలుగునుంచి చీకటికి దూకుడు ఎక్కువ, మెల్లగా జారితే అది మట్టిపాత్ర అయిపోతుంది.

పల్చన కింద, జిడ్డు పైన

ఇప్పటికి మూడు నాలుగు పొరలు పడ్డాయి. ఆయిల్ పెయింటింగ్‌లో అందరూ బట్టీపట్టే సూత్రం ఇక్కడ వస్తుంది. కింది పొరలో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. కారణం నూనె ఆరే తీరులోనే ఉంది. గాలి తగిలేది పైనే కాబట్టి పాల మీద మీగడ కట్టినట్టు ముందు పైన పొర కడుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతూ చాలాకాలం కదులుతూనే ఉంటుంది, గట్టిపడ్డాక కూడా కాస్త సాగుతుంది. నూనె తక్కువున్న పొర త్వరగా బిగుసుకుంటుంది. బిగుసుకున్నది పైన, కదిలేది కింద ఉంటే పైది బీటలు వారుతుంది. కాబట్టి మొదటి పొరకు టర్పెంటైన్ కలుపుతారు, మధ్య పొరలకు ట్యూబులో రంగును ఉన్నదున్నట్టు వాడతారు, ఆఖరి పొరలకు కొద్దిగా అవిసె నూనె చేరుస్తారు. కొద్దిగా అంటే కొద్దిగానే. నూనె మరీ ఎక్కువైతే పొర ముడతలు పడుతుంది, పసుపెక్కుతుంది. ఇదే లెక్కన ఆక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ వెయ్యకూడదు.

ఆఖరి పొరల్లో ఒకటి గ్లేజ్. ఆరిన రంగు మీద పారదర్శకమైన రంగును నూనెతో పల్చగా పరచడం. వంకాయ వెలుగువైపు మీద క్రిమ్సన్ గ్లేజ్ పడితే లోపలినుంచి ఎరుపు వెలిగినట్టు ఉంటుంది, అదే రంగును తెలుపుతో కలిపి వేస్తే ఆ లోతు రాదు. అయితే పల్చటి పొర కాబట్టి ముందు వెలిసిపోయేదీ అదే. డచ్ పూల బొమ్మల్లో చాలా ఆకులు ఇవాళ నీలంగా కనిపిస్తాయి. మొక్కలనుంచి తీసిన పసుపును నీలంతో కలిపో, నీలం మీద గ్లేజ్‌గా పరచో ఆకుపచ్చ తెచ్చేవాళ్లు. శతాబ్దాల వెలుతురుకు పసుపు ఎగిరిపోయి నీలం మిగిలింది. అలిజరిన్ క్రిమ్సన్‌కూ ఈ బలహీనత ఉంది. ట్యూబు మీద పర్మనెంట్ అనో, క్వినాక్రిడోన్ అనో ఉన్నది తీసుకుంటే కాస్త నిశ్చింత.

ఇన్ని పొరలు అక్కర్లేదని తేల్చేసిన వాళ్లూ ఉన్నారు. తడి మీదే తడి వేసుకుంటూ ఒకటి రెండు పూటల్లో ముగించే పద్ధతి. పొర మీద పొర ఆరే గొడవ లేదు, పండు వాడిపోయే గొడవా లేదు. 1880లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఎదువార్ మనే, యాస్పరగస్ అనే కూరకాడల కట్ట బొమ్మను షార్ల్ ఎఫ్రుస్సీ అనే కళాభిమానికి 800 ఫ్రాంకులకు అమ్మాడు. ఆయన ముచ్చటపడి వెయ్యి పంపాడు. మనే వెంటనే ఒక్క కాడ ఉన్న చిన్న బొమ్మ వేసి, మీ కట్టలో ఇదొకటి తగ్గింది అని చీటీ పెట్టి పంపించాడు. ఆ ఒక్క కాడ ఇప్పుడు పారిస్‌లో ఒర్సే మ్యూజియంలో ఉంది. అందులో కుంచె పోయిన దారి ప్రతిదీ కనిపిస్తుంది, దేన్నీ మళ్లీ దిద్దలేదనిపిస్తుంది. చూడటానికి ఇది తేలిక. పొరల పద్ధతిలో ముదురు లేత ఒకరోజు, రంగు ఒకరోజు, అంచు ఒకరోజు తేల్చుకోవచ్చు. ఇక్కడ మూడూ ఒక్క కుంచెపోటులో తేలాలి, తేలకపోతే రంగులన్నీ కలిసి బురద అవుతుంది. నేర్చుకునేవాళ్లకు ముందు పొరల దారి, తర్వాతే మనే దారి అన్నది నా అభిప్రాయం. కాదనే టీచర్లు చాలామంది ఉన్నారు.

అయిపోయాక

బొమ్మ ముట్టుకుంటే అంటకపోవడం వేరు, ఆరడం వేరు. లోపల నూనె నెలల తరబడి ముడులు వేసుకుంటూనే ఉంటుంది. పాతరకం వార్నిష్‌కు ఆరునెలలు, మందంగా వేసిన బొమ్మకు ఏడాది ఆగమనేది అందుకే. మధ్యలో కొన్ని చోట్ల, ముఖ్యంగా అంబర్ వాడిన నీడల్లో, రంగు వెలిసి నిర్జీవంగా కనిపిస్తుంది. నూనె కింది పొరలోకి ఇంకిపోయింది, అంతే. రంగు మార్చకండి. వార్నిష్ పడగానే లోతు తిరిగి వస్తుంది.

చాలామందికి తెలియని ప్రమాదం గుడ్డపేలికలది. అవిసె నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. కాన్వాస్ మీద ఆ వేడి గాలిలోకి పోతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వేడి లోపలే పోగై దానంతటదే అంటుకోవచ్చు. మన ఎండల్లో, రేకుల షెడ్డులో అయితే మరీ జాగ్రత్త. వాటిని విడివిడిగా బయట తీగ మీద ఆరేయాలి, లేదంటే నీళ్లున్న మూతడబ్బాలో వెయ్యాలి. టర్పెంటైన్ వాడే గదిలో కిటికీ తెరిచి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

వానాకాలంలో గాలిలో తేమ వల్ల రంగు ఆరడం ఆలస్యమవుతుంది, కోస్తాలో కాన్వాస్ వెనకవైపు బూజు కూడా పడుతుంది. అందుకని ఆరని బొమ్మను బీరువా వెనక దాచేస్తారు కొందరు. అది ఇంకా చేటు. చీకట్లో ఆరిన అవిసె నూనె పసుపెక్కుతుంది. ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ 1629లో పెయిరెస్క్ అనే స్నేహితుడికి తన బొమ్మ పంపుతూ ఇదే బెంగ పెట్టుకున్నాడు. కొత్త రంగులు పెట్టెలో అన్నాళ్లు మూసి ఉంటే పసుపెక్కుతాయని, అలా జరిగితే అప్పుడప్పుడు ఎండలో పెడితే తగ్గుతుందని ఉత్తరంలో రాశాడు. ఆయన చెప్పింది ఉత్తర యూరప్ ఎండ. మన రోహిణీకార్తె ఎండలో పెడితే చెక్క ఫ్రేము వంగిపోతుంది. పసుపెక్కిన బొమ్మను నేరుగా ఎండ పడని వెలుతురైన గదిలో గోడకు తగిలించి, కొన్ని వారాలు వదిలెయ్యండి. ఆ పసుపు చాలావరకు దానంతటదే తగ్గుతుంది.